ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో లైసెన్స్, హక్కులు, బాధ్యతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకూ, అందులో చేయి వేయాలనుకునేవాళ్లకూ ఈ పేజీ. ఒక విషయం ముందే పట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి: కోడ్ మీద కాపీరైట్ వేరు, రెపో (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) మీద అధికారం వేరు. కాపీరైట్ రాసినవారి దగ్గరే ఉంటుంది. అధికారం ప్రాజెక్టు ఇస్తుంది, అవసరమైతే వెనక్కి తీసుకుంటుంది. బయటివాళ్ల మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) రాకముందే ఈ రెండిటి సంగతీ రాతలో పెట్టుకోవాలి. ఆ తర్వాత సరిదిద్దాలంటే ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని అడగాల్సి వస్తుంది.

రెపో పబ్లిక్‌గా ఉంది, లైసెన్స్ ఫైల్ లేదు. వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. కోడ్ రాసిన క్షణం నుంచే దానికి కాపీరైట్ ఉంటుంది, ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు. అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఇదే పద్ధతి. కాబట్టి లైసెన్స్ లేకపోతే సర్వహక్కులూ రచయితవే. గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టిన కోడ్‌ను ఆ సైట్ నిబంధనల ప్రకారం చూడొచ్చు, సైట్‌లోనే ఫోర్క్ (సొంత నకలు) చేసుకోవచ్చు, అంతవరకే. నచ్చిన కోడ్ అలా కనబడితే కాపీ చేయకముందే ఇష్యూ తెరిచి, ఏ లైసెన్స్ కింద ఇస్తున్నారో అడగండి. చాలామంది పెట్టడం మర్చిపోయినవాళ్లే, అడగ్గానే పెడతారు.

మా ప్రాజెక్టుకు ఏ లైసెన్స్ ఎంచుకోవాలి?

ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. మీ కోడ్‌ను ఎవరైనా తీసుకెళ్లి, మార్పులు చేసి, సోర్స్ బయటపెట్టకుండా అమ్ముకుంటే మీకు సమ్మతమేనా?

సమ్మతమే అయితే ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 లాంటి పర్మిసివ్ లైసెన్స్‌లు సరిపోతాయి. వందా రెండొందల లైన్ల చిన్న పనిముట్టుకు ఎంఐటీ చాలు. అంతకు మించి పెరిగే ప్రాజెక్టుకు 2004లో వచ్చిన అపాచీ 2.0 మేలు. కోడ్ ఇచ్చేవాళ్లు దానికి సంబంధించిన తమ పేటెంట్ల మీద కూడా అనుమతి ఇస్తున్నట్టు అందులో స్పష్టంగా ఉంది. ఆ కోడ్ తమ పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందని ఎవరైనా దావా వేస్తే, ఆ కోడ్ విషయంలో వాళ్లకు వచ్చిన పేటెంట్ అనుమతి రద్దవుతుంది. ఎంఐటీలో పేటెంట్ అన్న మాటే లేదు.

సమ్మతం కాకపోతే కాపీలెఫ్ట్ వైపు రండి, అంటే మార్చి పంచేవాళ్లు సోర్స్ కూడా అవే షరతుల మీద ఇవ్వాలనే లైసెన్స్‌లు. ప్రోగ్రామ్ మొత్తానికి వర్తించాలంటే జీపీఎల్. లైబ్రరీ అయితే, దాన్ని వాడే ప్రోగ్రామ్ సోర్స్ మూసి ఉన్నా పర్వాలేదనుకుంటే ఎల్‌జీపీఎల్. మార్చిన ఫైళ్ల వరకు బయటపెడితే చాలనుకుంటే 2012 నాటి ఎంపీఎల్ 2.0. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ఏజీపీఎల్ గురించి ఆలోచించండి. మామూలు జీపీఎల్ షరతులు ప్రోగ్రామ్ కాపీని పంచినప్పుడే వర్తిస్తాయి. మార్చిన ప్రోగ్రామ్‌ను తన సర్వర్‌లోనే ఉంచుకుని నెట్‌వర్క్ ద్వారా సేవ అందించేవాళ్లకు సోర్స్ ఇవ్వాల్సిన పని లేదు. ఏజీపీఎల్ మూడో వెర్షన్ 13వ సెక్షన్ ఆ సందును మూసేస్తుంది.

సొంతంగా లైసెన్స్ రాయకండి, ఉన్నదానికి ‘వాణిజ్య అవసరాలకు వాడరాదు’ లాంటి వాక్యం తగిలించకండి. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనంలో 10 షరతులున్నాయి. ఫలానా రంగంలో వాడకూడదనడం వాటిలో ఆరోదానికి విరుద్ధం. ఆ ఒక్క వాక్యంతో మీది ఓపెన్ సోర్స్ కాకుండా పోతుంది. లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు తీసుకోవు, కంపెనీల న్యాయ విభాగాలు చూడగానే పక్కన పెట్టేస్తాయి.

డాక్యుమెంటేషన్‌కూ బొమ్మలకూ అదే లైసెన్స్ సరిపోతుందా?

డాక్యుమెంటేషన్‌కు కోడ్ లైసెన్సే ఉంచితే గందరగోళం తక్కువ. వేరుగా ఇవ్వాలనుకుంటే సీసీ బీవై 4.0, ఫాంట్లకైతే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లను కోడ్‌కు మాత్రం పెట్టకండి. సాఫ్ట్‌వేర్‌కు అవి తగవని ఆ సంస్థే చెబుతోంది.

లైసెన్స్ పెట్టడమంటే ఖచ్చితంగా ఏమేం చేయాలి?

లైసెన్స్ పూర్తి పాఠాన్ని అక్షరం మార్చకుండా రెపో మొదటి ఫోల్డర్‌లో ‘లైసెన్స్’ అనే ఫైల్‌గా పెట్టండి. ఎంఐటీ, బీఎస్‌డీ అయితే పైనున్న సంవత్సరం, పేరు ఖాళీలు నింపాలి. బ్రాకెట్లలోని ఖాళీలు అలాగే మిగిలిపోయిన రెపోలు లెక్కలేనన్ని కనిపిస్తాయి. అపాచీ విషయంలో దీనికి తలకిందులు: లైసెన్స్ ఫైల్ చివరి అనుబంధంలో ఉన్న ఖాళీలను ముట్టుకోకూడదు. అది సోర్స్ ఫైళ్ల పైభాగాన పెట్టుకోవాల్సిన నమూనా, నింపాల్సింది అక్కడే.

తర్వాత ప్రతి సోర్స్ ఫైల్ పైన ఎస్‌పీడీఎక్స్ ఐడెంటిఫైయర్ (లైసెన్స్‌కు ప్రామాణికమైన పొట్టిపేరు) ఉన్న ఒక లైన్ పెట్టండి. ఒక ఫైల్ రెపో నుంచి విడిపోయి ఇంకెక్కడో తేలినా దాని లైసెన్స్ ఏమిటో అందులోనే ఉంటుంది. ప్యాకేజీ వివరాల ఫైల్‌లో లైసెన్స్ అనే గడి ఉంటుంది, దాన్నీ ఇదే పేరుతో నింపండి. రీడ్‌మీలో ఎంఐటీ, ప్యాకేజీలో అపాచీ అని ఉంటే ఆటోమేటిక్ స్కానర్లు ప్యాకేజీనే నమ్ముకుని పోతాయి, ఆ తర్వాత ఏది నిజమని అడిగేవాళ్లకు మీరు జవాబు చెప్పుకోవాలి.

చివరగా, మార్పులు ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో ఒక వాక్యం: ‘ఈ ప్రాజెక్టుకు పంపే మార్పులన్నీ ప్రాజెక్టు లైసెన్స్ కిందే ఇస్తున్నట్టు.’ అపాచీ 2.0 ఐదో సెక్షన్‌లో ఈ మాట ఎలాగూ ఉంది. ఎంఐటీలో లేదు కాబట్టి మీరే రాసుకోవాలి.

లైసెన్స్ ఫైల్‌లో మీ సొంత వివరణలు కలపకండి. పాఠం తేడా వస్తే గిట్‌హబ్ దాన్ని గుర్తించలేక, పక్కన లైసెన్స్ పేరు చూపించదు.

నేను పంపిన ప్యాచ్ మెర్జ్ అయింది (ప్రాజెక్టు కోడ్‌లో కలిసింది). దాని కాపీరైట్ ఇప్పుడు ఎవరిది?

మీదే. మెర్జ్ చేసినంత మాత్రాన హక్కు చేతులు మారదు. మీరు ఇచ్చింది ప్రాజెక్టు లైసెన్స్ షరతుల మీద అనుమతి మాత్రమే. అందుకే పెద్ద ప్రాజెక్టుల కోడ్ మీద వేలమందికి కాపీరైట్ ఉంటుంది; లైనక్స్ కెర్నల్ అలాంటిదే. ప్రాజెక్టును నడిపే మెయింటెయినర్ హోదా దీన్ని మార్చదు. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టు కాదు కదా.

కాపీరైట్‌ను సంస్థకు రాసిచ్చేయమని అడిగే ప్రాజెక్టులూ ఉన్నాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చాలా గ్నూ ప్యాకేజీలకు ఇలా రాయించుకునేది. వాటిలో ఒకటైన జీసీసీ అనే కంపైలర్ 2021లో ఆ షరతును సడలించి, డీసీఓ (దీని సంగతి కింద ఉంది) సంతకాన్ని కూడా అంగీకరిస్తోంది.

డీసీఓ, సీఎల్ఏ: రెండిటికీ తేడా ఏమిటి? ఏది పెట్టుకోవాలి?

డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) అంటే కోడ్ పంపినవారు చేసే ధ్రువీకరణ. లైనక్స్ కెర్నల్ కోసం 2004లో తయారైంది. ‘ఇది నేను రాసింది, లేదా ఇచ్చే హక్కు నాకున్న కోడ్ నుంచి తీసుకున్నది, లేదా ఇలాగే ధ్రువీకరించిన ఇంకొకరు నాకు ఇచ్చింది, ఈ రికార్డు అందరికీ కనిపించేలా శాశ్వతంగా ఉంటుందని నాకు తెలుసు’ అన్నది దాని సారం. కమిట్ (రెపోలో నమోదయ్యే ఒక్కో మార్పు) సందేశం చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అన్న లైన్, పేరు, ఈమెయిల్ ఉంటే సరిపోతుంది.

సీఎల్ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అంటే పంపినవారికీ ఒక సంస్థకూ మధ్య ఒప్పందం. అపాచీ ఫౌండేషన్ సీఎల్ఏలో కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది, సంస్థకు విస్తృతమైన లైసెన్స్ ఇస్తారు. కంపెనీ తరఫున పనిచేసేవాళ్లకు విడిగా కార్పొరేట్ ఒప్పందం కూడా ఉంది.

మా సలహా: చట్టబద్ధమైన సంస్థ ఏదీ వెనక లేని ప్రాజెక్టుకు డీసీఓ చాలు. సీఎల్ఏ అనగానే కొత్తగా వచ్చేవాళ్లలో కొందరు అక్కడే ఆగిపోతారు, ఒక అక్షరదోషం దిద్దడానికి ఒప్పందం మీద సంతకం పెట్టే ఓపిక అందరికీ ఉండదు. సంతకం పెట్టేవాళ్లు ఒక క్లాజు తప్పకుండా వెతకాలి: మీ కోడ్‌ను ‘ఏ ఇతర లైసెన్స్ కిందనైనా’ ఇచ్చే హక్కు సంస్థకు ఉందా? ఉంటే రేపు వాళ్లు దాన్ని మూసేసిన లైసెన్స్‌లోకి మార్చగలరు, మిమ్మల్ని అడగనక్కర్లేదు.

డీసీఓ సైన్-ఆఫ్ లైన్ మర్చిపోయాను, ఆటోమేటిక్ చెక్ ఫెయిల్ అయింది. ఎలా సరిచేయాలి?

ఒక్కటే కమిట్ అయితే ‘గిట్ కమిట్ --అమెండ్ -ఎస్ --నో-ఎడిట్’. చివరి మూడు కమిట్లయితే ‘గిట్ రీబేస్ --సైనాఫ్ హెడ్~3’. చరిత్ర మారింది కాబట్టి మామూలు పుష్ తిరస్కరిస్తుంది. ‘--ఫోర్స్-విత్-లీజ్’ తో పుష్ చేయండి. ఉత్త ‘--ఫోర్స్’ వాడితే అదే బ్రాంచ్‌లో వేరేవాళ్లు పెట్టిన కమిట్లు తుడిచిపెట్టుకుపోతాయి.

అయినా ఫెయిల్ అవుతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కమిట్ రచయిత ఈమెయిల్ ఒకటి, సైన్-ఆఫ్ లైన్‌లోది ఇంకొకటి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక అడ్రస్, వెబ్‌లో ఎడిట్ చేసినప్పుడు సైట్ ఇచ్చే నోరిప్లై అడ్రస్ పడుతుంటాయి. గిట్ సెట్టింగుల్లో పేరు, ఈమెయిల్ సరిచేసి, కమిట్‌ను ‘--రీసెట్-ఆథర్’ తో అమెండ్ చేయండి.

మెయింటెయినర్లకు ఒక మాట. వేరొకరి బదులు మీరు వాళ్ల పేరుతో సైన్-ఆఫ్ పెట్టకూడదు. అది వాళ్ల ధ్రువీకరణ. స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నిటినీ ఒక్కటిగా కలపడం) చేసేటప్పుడు సందేశంలోంచి ఆ లైన్లు జారిపోతుంటాయి, బటన్ నొక్కేముందు చూసుకోండి.

ఉద్యోగం చేస్తున్నాను. ఖాళీ సమయంలో రాసిన కోడ్ పంపొచ్చా?

మీ ఉద్యోగ ఒప్పందం చదివాకే. ఉద్యోగంలో భాగంగా రాసినదాని కాపీరైట్ చాలా దేశాల్లో యజమానిదే. కొన్ని ఒప్పందాలు ఖాళీ సమయంలో రాసినదాన్ని కూడా కలిపేసుకుంటాయి. సొంత ఈమెయిల్ నుంచి పంపడం వల్ల ఏమీ మారదు. అనుమానం ఉంటే ప్రాజెక్టు పేరు, లైసెన్స్ చెప్పి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అనుమతి లేని కోడ్ మెర్జ్ అయ్యాక యజమాని అభ్యంతరం చెబితే దాన్ని పెకలించి మళ్లీ రాయాల్సింది మిగతావాళ్లు.

వేరే ప్రాజెక్టు నుంచో, స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచో కోడ్ తెచ్చుకోవచ్చా?

ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నదాన్ని బట్టి. ఎంఐటీ, బీఎస్‌డీ కోడ్‌ను దాదాపు దేనిలోకైనా తేవచ్చు, కాకపోతే వాళ్ల కాపీరైట్ లైన్, లైసెన్స్ పాఠం వెంట రావాలి. చాలామంది తప్పేది ఇక్కడే: కోడ్ తెస్తారు, పైనున్న నాలుగు లైన్ల కామెంట్ చెరిపేస్తారు. ఆ నాలుగు లైన్లే షరతు. అపాచీ కోడ్ అయితే నోటీస్ ఫైల్ ఉందేమో చూసి, దాన్నీ తీసుకురావాలి. మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలి.

అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ మూడో వెర్షన్ ప్రాజెక్టులోకి తేవచ్చు, అటు నుంచి ఇటు కుదరదు. ‘జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే’ అన్న ప్రాజెక్టులోకి అపాచీ 2.0 అసలు కుదరదు. పేటెంటు షరతులు పొసగవని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతోంది. ‘రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతది’ అని ఉంటే మూడోదానికి జరిగి కలుపుకోవచ్చు. ఆ చిన్న తేడా కోసమే ఫైల్ పైనున్న మాటలు జాగ్రత్తగా చదవాలి. లైనక్స్ కెర్నల్ ‘రెండో వెర్షన్ మాత్రమే’.

స్టాక్ ఓవర్‌ఫ్లో సమాధానాలు సీసీ బీవై-ఎస్ఏ కింద ఉంటాయి. ఎంఐటీ ప్రాజెక్టులో వాటిని అతికిస్తే షేర్-అలైక్ షరతుకు (అదే లైసెన్స్ కింద పంచాలన్నదానికి) ఇబ్బంది. సమాధానం చదివి, పద్ధతి అర్థం చేసుకుని, మీ కోడ్ మీరు రాయండి. కాపీరైట్ ఆలోచనకు ఉండదు, రాసిన తీరుకే ఉంటుంది.

ఏఐ రాసిన కోడ్ పంపొచ్చా?

ప్రాజెక్టు నియమం చూడండి. జెంటూ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ 2024 ఏప్రిల్‌లో ఏఐ సాయంతో తయారైన కంట్రిబ్యూషన్లను నిషేధించింది. కొన్ని ప్రాజెక్టులు వాడినట్టు చెబితే చాలంటాయి. నియమం లేని చోట కూడా, మార్పును కలుపుకోమని పంపే పుల్ రిక్వెస్ట్‌లోనే ఆ సంగతి రాయండి. సైన్-ఆఫ్ మీది కాబట్టి ప్రతి లైన్‌కూ జవాబుదారీ మీరే. రివ్యూలో ‘ఇదెందుకు ఇలా ఉంది?’ అని అడిగితే వివరించలేని కోడ్ పంపకండి.

కంట్రిబ్యూటర్, కమిటర్, మెయింటెయినర్: ఎవరు ఏం చేయగలరు?

పేర్లు ప్రాజెక్టును బట్టి మారతాయి, మెట్లు మాత్రం దాదాపు ఇవే. ఏదైనా పంపినవారు కంట్రిబ్యూటర్. ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఇష్యూలను జల్లెడ పట్టి, లేబుళ్లు పెట్టి, డూప్లికేట్లు మూసేవారు ట్రయేజర్. కోడ్ చదివి బాగోగులు చెప్పేవారు రివ్యూయర్. మెర్జ్ చేయగలవారు కమిటర్. దిశ నిర్ణయించి, విడుదలలకు, మనుషులకు బాధ్యత వహించేవారు మెయింటెయినర్.

గిట్‌హబ్‌లో దీనికి రీడ్, ట్రయేజ్, రైట్, మెయింటెయిన్, అడ్మిన్ అని ఐదు స్థాయిలున్నాయి. అయితే ఇవి ఆర్గనైజేషన్ రెపోలకే. వ్యక్తిగత ఖాతాలో ఉన్న రెపోకు యజమాని, కొలాబరేటర్ అని రెండే. ఇష్యూలు చూడటానికి ఒకరికి అవకాశం ఇద్దామంటే మెర్జ్ హక్కు కూడా ఇచ్చేయాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు చేరగానే ఆర్గనైజేషన్‌లోకి మార్చేయండి.

కోడ్‌ఓనర్స్ ఫైల్‌తో ఏ ఫోల్డర్ ఎవరు చూడాలో రాయొచ్చు. మూడు చోట్ల ఇది మొరాయిస్తుంది. పేరు పెట్టినవారికి రైట్ హక్కు లేకపోతే ఆ లైన్ పనిచేయదు. ఒక ఫైల్‌కు రెండు లైన్లు సరిపోతే చివరిదే చెల్లుతుంది, అందుకే అన్ని ఫైళ్లకూ వర్తించే నక్షత్రం గుర్తు లైన్ పైన ఉండాలి. బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో కోడ్ ఓనర్ల రివ్యూ తప్పనిసరి అని ఎంచుకోకపోతే అది సూచనగానే మిగులుతుంది.

కోడ్ రాయనివాళ్లు కంట్రిబ్యూటర్లు కారా?

అవుతారు. అనువాదం, డాక్యుమెంటేషన్, డిజైన్, పరీక్షలు, కొత్తవాళ్ల ప్రశ్నలకు సమాధానాలు: వీటిలో ఏది ఆగినా ప్రాజెక్టు కుంటుతుంది. డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ప్యాకేజీలు చేయనివాళ్లు కూడా పూర్తి ఓటుహక్కుతో డెవలపర్లు కావచ్చు. కమిట్ల సంఖ్యనే కొలమానంగా పెట్టుకుంటే వీళ్లెవరూ లెక్కలోకి రారు, కాబట్టి పదోన్నతి నియమాల్లో ఈ పనులను పేరుపేరునా రాయండి. అనువాదాలకూ బొమ్మలకూ కాపీరైట్ ఉంటుందని, డీసీఓ వాటికీ వర్తిస్తుందని మర్చిపోవద్దు.

కమిట్ హక్కు ఎప్పుడు ఇవ్వాలి?

సంఖ్య కంటే తీరు చూడండి. రివ్యూలో చెప్పినదాన్ని ఎలా తీసుకుంటున్నారు, తన కోడ్ వల్ల ఏదైనా విరిగితే వచ్చి సరిచేస్తున్నారా, ఇతరుల ప్యాచ్‌లు చదువుతున్నారా. ఉన్న మెయింటెయినర్లలో ఒకరు ప్రతిపాదించి, మరొకరు బలపరచి, కొన్ని రోజులు అభ్యంతరాలకు వదిలి, తర్వాత ఇవ్వండి. ఏయే అర్హతలు కావాలో ముందే గవర్నెన్స్ ఫైల్‌లో ఉండాలి, లేకపోతే పరిచయాలను బట్టి ఇస్తున్నారన్న మాట వస్తుంది.

నమ్మకం మీద ఇచ్చిన హక్కుకు కూడా హద్దు ఉండాలి. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ వ్యవహారం దీనికి సాక్ష్యం. అలసిపోయిన ఒకే ఒక్క మెయింటెయినర్ మీద కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. మంచి ప్యాచ్‌లు పంపుతూ వచ్చిన ఒక మారుపేరు ఖాతాకు సహ మెయింటెయినర్ హోదా దక్కింది. 5.6.0, 5.6.1 విడుదలల్లో ఆ ఖాతా దొడ్డిదారి (బ్యాక్‌డోర్) పెట్టింది. దాచిన కోడ్ టెస్ట్ ఫైళ్లలో ఉంది, దాన్ని లేపే బిల్డ్ స్క్రిప్ట్, విడుదల కోసం కట్టే టార్‌బాల్ అనే ఆర్కైవ్ ఫైల్‌లోనే ఉంది, గిట్‌లో లేదు. అంటే గిట్ చరిత్ర ఎంత శ్రద్ధగా చదివినా ఆ స్క్రిప్ట్ కనబడేది కాదు.

కాబట్టి విడుదల ఫైళ్లు ఎవరి సొంత మెషీన్‌లోనూ తయారు కాకూడదు. ట్యాగ్ నుంచి సీఐలోనే (బిల్డ్, పరీక్షలు దానంతటదే నడిపే వ్యవస్థలో) తయారవ్వాలి. మెయిన్ బ్రాంచ్‌కు నేరుగా పుష్ ఎవరికీ వద్దు, అడ్మిన్లకు కూడా. రెండంచెల లాగిన్ తప్పనిసరి చేయండి. మెర్జ్ హక్కు, ప్యాకేజీ విడుదల హక్కు వేర్వేరుగా ఇవ్వండి.

అభిప్రాయభేదం వస్తే ఎవరి మాట చెల్లుతుంది?

చిన్న ప్రాజెక్టుల్లో మొదలుపెట్టినవారిదే. పెరిగేకొద్దీ అది నిలవదు. పైథాన్ సృష్టికర్త 2018లో నిర్ణయాధికారం నుంచి తప్పుకున్నాక ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. అపాచీ ప్రాజెక్టుల్లో కోడ్ మార్పుకు -1 (వ్యతిరేక ఓటు) వేస్తే ఆగిపోతుంది, కానీ సాంకేతిక కారణం చెప్పాలి, లేకపోతే చెల్లదు. విడుదలకు కనీసం మూడు చెల్లుబాటయ్యే +1 ఓట్లు కావాలి, -1ల కంటే +1లు ఎక్కువ ఉండాలి. విడుదలను వీటో చేయలేరు. 72 గంటలు తెరిచి ఉంచడం ఆనవాయితీ, ఏ టైమ్ జోన్‌లో ఉన్నవారికైనా చూసే వ్యవధి దొరకాలని. ఇద్దరే మెయింటెయినర్లుంటే సమాన ఓట్లు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి.

మెయింటెయినర్ తప్పుకుంటే, లేదా కనబడకుండా పోతే?

ఆరు నెలలో ఏడాదో పని లేకపోతే హక్కులు తీసి, పేరు ‘ఎమెరిటస్’ (గౌరవ మాజీ) జాబితాలో ఉంచండి. తిరిగొస్తే మళ్లీ ఇస్తామని రాయండి. ఇది శిక్ష కాదు, వాడని ఖాతా దొంగల చేతికి చిక్కకుండా జాగ్రత్త. డొమైన్, ప్యాకేజీ ఖాతా, సంతకం కీలు, విరాళాల ఖాతా ఎవరి దగ్గరున్నాయో జాబితా ఉండాలి, ప్రతిదానికీ ఇద్దరు ఉండాలి.

ప్రాజెక్టును అడిగిన మొదటి అపరిచితుడి చేతిలో పెట్టకండి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్) ప్యాకేజీ అలా చేతులు మారాక, కొత్త మనిషి దానిలోకి క్రిప్టో వాలెట్లను కొల్లగొట్టే డిపెండెన్సీని చేర్చాడు. తీసుకునేవాళ్లు దొరకకపోతే రెపోను ఆర్కైవ్ చేయడమే గౌరవం.

తర్వాత లైసెన్స్ మార్చవచ్చా?

హక్కుదారులందరూ ఒప్పుకుంటే. ‘గిట్ షార్ట్‌లాగ్ -ఎస్ఎన్ఈ’ కమాండ్‌తో రచయితల జాబితా తీయండి. ఒక్కో మనిషికి మూడు నాలుగు ఈమెయిళ్లు ఉంటాయి, కలపాలి. పాత ప్యాచ్‌లు మెయింటెయినర్ పేరుతో కమిట్ అయి ఉంటే అసలు రచయిత సందేశంలోనే కనబడతారు, అదీ చూడాలి. ప్రతి ఒక్కరికీ కొత్త లైసెన్స్ పేరు, వెర్షన్ చెప్పి, ‘సమ్మతిస్తున్నాను’ అన్న జవాబు రికార్డులో పెట్టాలి. మౌనం సమ్మతి కాదు. జవాబు రానివారి కోడ్ తీసేసి, దాన్ని చూడనివారితో కొత్తగా రాయించాలి.

ఎంత కాలం పడుతుందంటే, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 2015లో ఈ ఉద్దేశం ప్రకటిస్తే, అపాచీ 2.0 కింద 3.0 వెర్షన్ వచ్చింది 2021 సెప్టెంబర్‌లో.

పర్మిసివ్ లైసెన్స్ ఉన్న కోడ్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు. పాత నోటీసులు ఉంచి, కొత్త విడుదలలను వేరే షరతుల మీద ఇవ్వొచ్చు. 2024 మార్చిలో బీఎస్‌డీ నుంచి రెడిస్ అనే డేటాబేస్ మారింది అలాగే. అయితే ఇప్పటికే విడుదలైనదాన్ని వెనక్కి తీసుకోలేరు. రెడిస్ 7.2.4 నుంచి వాల్కీ, టెర్రాఫామ్ ఎంపీఎల్ కోడ్ నుంచి ఓపెన్‌టోఫు అనే ఫోర్క్‌లు పుట్టింది ఆ హక్కుతోనే.

ఫోర్క్ చేస్తే అదే పేరు పెట్టుకోవచ్చా?

కోడ్ తీసుకోవచ్చు, పేరు కాదు. పేరూ లోగో ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి, అపాచీ 2.0 ఆరో సెక్షన్ ఆ హక్కు ఇవ్వడం లేదని చెప్పేస్తుంది. ‘ఫలానా ప్రాజెక్టు నుంచి ఫోర్క్ అయింది’ అని చెప్పుకోవడం మాత్రం న్యాయమే, చెప్పడం మర్యాద కూడా.

మా లైసెన్స్‌ను ఎవరో ఉల్లంఘిస్తున్నారు. ఏం చేయాలి?

మొదట ఆధారాలు: ఏ ఉత్పత్తి, ఏ వెర్షన్, మీ ఏ ఫైళ్లు, ఏ తేదీన చూశారు. తర్వాత వ్యక్తిగతంగా, మర్యాదగా ఒక ఈమెయిల్. ఏం కావాలో ఖచ్చితంగా రాయండి, ఉదాహరణకు ఆ బైనరీకి సరిపోయే పూర్తి సోర్స్, బిల్డ్ స్క్రిప్టులతో సహా. చాలావరకు తెలియక జరిగినవే, ఇక్కడితో సర్దుకుంటాయి. బహిరంగంగా నిలదీస్తే విషయం ఇంజినీర్ల చేతుల్లోంచి లాయర్ల చేతుల్లోకి పోతుంది.

జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఉల్లంఘించగానే అనుమతి రద్దవుతుంది. మూడో వెర్షన్‌లో, మొదటిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు తిరిగొస్తుంది. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మాత్రం వెళ్లగలిగేది సాధారణంగా ఆ ఫైళ్ల కాపీరైట్ ఉన్నవారే, మెయింటెయినర్ అన్న హోదా సరిపోదు. ఉల్లంఘన జరిగిన ఫైళ్లు ఎవరు రాశారో ‘గిట్ బ్లేమ్’తో తేల్చి, ఆ రచయితలను మొదటి ఈమెయిల్ నుంచే కలుపుకోండి.